టవరు కింద బ్యాటరీలు

మా నాన్నగారిది వైర్‌లెస్ శాఖలో ఉద్యోగం. ఆయన బదిలీ మీద అక్కా, నేనూ పోర్ట్ బ్లెయిర్ వచ్చాం.

ఒక గాలివాన రాత్రి కరెంటు పోయింది. శ్రీకాకుళంలో అమ్మమ్మకు ఆ రోజే ఆపరేషను. మేం దిగులుగా కూర్చున్నాం. అంతలో ఫోను మోగింది. "బాగానే ఉన్నానర్రా" అంది అమ్మమ్మ.

"కరెంటు లేకుండా టవరెలా పనిచేసింది?" అని నాన్నగారిని అడిగాం.

"కింద 2 వోల్టుల బ్యాటరీ సెల్లులు 24 వరసగా కలిపి ఉంటాయి. మొత్తం 48 వోల్టులు."

"కారులోలాగా 12 చాలదా?"

ఆయన మా చేతే లెక్క వేయించారు. 480 వాట్ల పరికరానికి 12 వోల్టులైతే 40 ఆంపియర్లు కావాలి. 48 అయితే 10 చాలు. తీగలో వేడిగా పోయే నష్టం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. అంటే 12 వోల్టులతో అదే తీగలో నష్టం 16 రెట్లు! పైకి చేరేసరికి వోల్టేజీ పడిపోయి రేడియో ఆగిపోవచ్చు. అలాగని మరీ పెంచితే టవరెక్కే మనిషికి ప్రమాదం.

తేమకు రాగి తీగ త్వరగా పాడవకుండా ప్లస్‌ను భూమికి కలుపుతారట. ఉప్పుగాలికి తుప్పు పట్టిన మా కిటికీ ఊచలు చూశాక అది తేలిగ్గా అర్థమైంది.

2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వచ్చింది. అయినా ఆ మాట మా ఫోనుకు చేరేది టవరు నుంచే.

రేపు ఏ ఊరికి బదిలీ అయినా, టవరు కనబడితే మేం ముందు దాని కింద బ్యాటరీల గది ఎక్కడుందో వెతుకుతాం.