బూజు దులిపిన రాత్రి

దసరాకి వారం ముందు అమ్మ ఫోన్. "పండగొస్తాంది, రూములో బూజు దులుపుకోవే." సరేనని ఆదివారం పొద్దున్నే పొడి చీపురు పట్టుకున్నా. సాలెగూళ్లు అయిపోయాక, బీరువా వెనక గోడ మీద నల్లగా చుక్కలు చుక్కలుగా ఉన్నదాన్ని కూడా గీకి పారేశా. మనకి రెండూ బూజే కదా!

ఆ రాత్రి రెండింటికి మంచం మీద కూర్చుని గాలి కోసం కొట్టుకున్నా. ఛాతీలో పిల్లికూతలు. నీలం ఇన్‌హేలర్ నాలుగుసార్లు పీల్చినా ఒక్క వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోయా. రూమ్మేట్ క్యాబ్‌లో ఎమర్జెన్సీకి తీసుకెళ్లింది.

మర్నాడు చూసిన డాక్టరమ్మ అడిగిన ప్రశ్న అంతకుముందు ఎవరూ అడగలేదు. "ఊరెళ్తే ఎలా ఉంటుంది?"

అనంతపురంలో వారం ఉంటే ఇన్‌హేలర్ సంగతే గుర్తుండదు. హైదరాబాద్ వచ్చిన రెండో రాత్రికే దగ్గు మొదలు. కోడ్ రాసేవాళ్లకి తెలిసిన కథే ఇది. నా లాప్‌టాప్‌లో బాగానే నడుస్తుంది, సర్వర్‌లోనే పడిపోతుంది. అప్పుడు సర్వర్‌ని చూడాలి. నేనేమో ఏడాదిన్నరగా ట్రాఫిక్ పొగని తిడుతూ కూర్చున్నా.

తప్పు ఇంకోటి కూడా ఉంది. నీలం ఇన్‌హేలర్ బిగుసుకున్న గొట్టాలని కాసేపు వదులు చేస్తుంది, అంతే. లోపలి వాపు అలాగే ఉంటుంది. దాన్ని తగ్గించే మందు రోజూ పీల్చాలి. అది అలవాటైపోతుందని అమ్మ భయం. దానికంటే పెద్ద భయం, సంబంధాలు చూస్తున్నప్పుడు ఆయాసం మాట బయటికి పొక్కుతుందని. అందుకే నేను ఆఫీసులో కూడా వాష్‌రూమ్‌లోకెళ్లి పీల్చుకునేదాన్ని.

ఇక ఆ నల్ల చుక్కలు. అది ఫంగస్. కంటికి కనిపించనంత చిన్న బీజాలని గాల్లోకి వదులుతుంది. అందరికీ పడకపోవడం ఉండదు గానీ, ఆస్తమా ఉన్నవాళ్లలో కొందరికి అవి లోపలికెళ్తే శ్వాసనాళాలు వాచి, బిగుసుకుని, కఫంతో నిండిపోతాయి. పొడి చీపురుతో గీకడమంటే వాటిని గదంతా చల్లుకోవడమే. సబ్బునీళ్లలో ముంచిన గుడ్డతో, మాస్క్ పెట్టుకుని తుడవాలట. అదీ ఆస్తమా లేనివాళ్లు చేస్తే మంచిది. ఇళ్లలో చెమ్మకీ ఆస్తమాకీ సంబంధం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే మార్గదర్శకాలు ఇచ్చింది.

తేమ కొలిచే చిన్న మీటర్ తెప్పించా. తలుపులేసి, బట్టల స్టాండు గదిలోనే పెట్టి పడుకుంటే 79 శాతం! 50 లోపు ఉంటే మంచిది, 60 దాటితే బూజుకి పండగే.

ఓనర్ అంకుల్‌కి చెప్తే, "నీకంటే ముందు నాలుగేళ్లున్నవాళ్లు ఒక్క మాట అనలేదమ్మా. పెయింట్ వేయిస్తాలే" అన్నారు. వేయించారు. మూడు వారాలకి పెయింట్ బుడగలొచ్చి, కింద మళ్లీ నలుపు. ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో 2020లో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల బాబు ఫ్లాట్‌లోని బూజు వల్ల శ్వాస సమస్యతో చనిపోతే, అతని పేరు మీదే చట్టం వచ్చింది. మన అగ్రిమెంట్లలో గోడకి మేకు కొట్టకూడదని ఉంటుంది, చెమ్మ మాటే ఉండదు.

గొడవెందుకని, రోజూ తడి అంచున పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేశా. వానలు ఆగిపోయాయి. గీత మాత్రం కిందికి దిగుతూనే ఉంది. అంటే వాన నీరు కాదు. ఫొటోలన్నీ అంకుల్‌కి వాట్సాప్ చేశా. ఈసారి పెయింటర్ బదులు ప్లంబర్ వచ్చాడు. పైఫ్లాట్ బాత్రూమ్‌లో నహానీ ట్రాప్ దగ్గర లీకు. అది సరిచేసి, పాడైన ప్లాస్టర్ కొట్టేసి, గోడ ఆరేదాకా పన్నెండు రోజులు ఫ్రెండ్ పీజీలో ఉన్నా. ఖర్చులో సగం నా మీదే పడింది. డిపాజిట్ గుర్తొచ్చి నోరు మూసుకున్నా.

ఇప్పుడు మీటర్ 55 చూపిస్తోంది. రోజూ వాడే ఇన్‌హేలర్ మానలేదు, నీలంది తీసి నెల దాటింది. రెండూ ఆఫీసు డెస్క్ మీదే ఉంటున్నాయి.

నిన్న అమ్మ ఫోన్ చేసింది. కాకినాడ సంబంధమట, అబ్బాయి ఇక్కడే ఐటీ. "ఆయాసం సంగతి ముందే చెప్పేయ్ అమ్మా" అన్నా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గోడ ఆరిందా?" అంది.