బత్తాయి పూతలో నల్లి లెక్క

పూత మొదలైందని కబురు రాగానే, ఫిబ్రవరిలో దేవరకొండ దారి పట్టాను. ఆ చుట్టుపక్కల బత్తాయి తోటల్లో తేనెపెట్టెలు దింపుకున్న ఒక రైతు, మందు పట్టీలు పెట్టినా నల్లి చావడం లేదని చాన్నాళ్లుగా మొత్తుకుంటున్నారు. అది కళ్లారా చూడాలనిపించింది.

తోట గట్టు వెంబడి వరసగా పెట్టెలు. అన్నీ ఇటలీ ఈగలే, 1960లలో మన దేశంలో నిలదొక్కుకున్న జాతి. ఆయన ఒక పెట్టె మూత తీసి, పిల్ల ఉన్న చట్రాన్ని ఎత్తి, రాణి దాని మీద లేదని రెండు పక్కలా చూసుకుని, అరకప్పు ఈగల్ని జాలీ మూత సీసాలోకి దులిపారు. అరకప్పంటే సుమారు 300 ఈగలు. పొడి చక్కెర వేసి సీసాను మెల్లగా దొర్లించి, కాసేపు ఆగి, తెల్లటి పళ్లెం మీద బోర్లించి ఆడించారు. నీళ్లు చిలకరించగానే చక్కెర కరిగి, ఇటుకరంగు చుక్కలు బయటపడ్డాయి. కాళ్లాడిస్తున్నాయి. నూటికి 3 దాటితే మందు తప్పదంటారు. పూతకు ముందే పట్టీలు పెట్టి తీసిన ఈ పెట్టె ఆ హద్దు ఎప్పుడో దాటేసింది.

"ఏండ్ల సంది ఇవే పట్టీలు పెడ్తున్న సార్. మొదట్ల నల్లి కుప్పలు కుప్పలు రాలేది. ఇప్పుడు పెట్టినా ఒకటే, పెట్టకున్నా ఒకటే" అన్నారు.

ఆ పట్టీల్లో ఉండేది ఫ్లువాలినేట్. వరోవా నల్లి నరాల మీద పనిచేస్తుంది. నరాల్లో సోడియం వెళ్లే ద్వారం కొద్దిగా మారితే చాలు, మందు అక్కడ పట్టు దొరకక జారిపోతుంది. ఇటలీలో 1990ల మొదట్లో, తర్వాత అమెరికాలో అలాంటి నల్లులు బయటపడ్డాయి. ఏటా అదే మందు వాడి, గడువు దాటిన పట్టీని పెట్టెలోనే వదిలేస్తే, లొంగేవి చచ్చి మొండివి మిగులుతాయి. సంతానమంతా వాటిదే. దీనికి రైతునే తప్పుపట్టడం నాకు నచ్చదు. చేతికందే మందు ఒక్కటే అయినప్పుడు, మార్చి మార్చి వాడమని చెప్పడం తేలికే.

వేరే మందుల సంగతి చూస్తే, ఫార్మిక్ యాసిడ్ ఆవిరి మూసిన పిల్లగదుల్లోకీ వెళ్తుంది. కానీ ఎండ 30 డిగ్రీలు దాటితే ఆ ఆవిరికి రాణి చచ్చే ప్రమాదం ఉంది. నల్లగొండ ఎండల గురించి వేరే చెప్పాలా! ఆక్సాలిక్ యాసిడ్ ఈగల ఒంటి మీది నల్లిని చంపుతుంది గానీ, మూసిన గదిలో దాక్కున్నదాన్ని తాకదు. పిల్ల లేని సమయం చూసి వాడాలి. మంచు కురిసే దేశాల్లోలాగా ఇక్కడ చలికి రాణి గుడ్లు మానదు. చిక్కంతా ఇక్కడే ఉంది.

అక్కడి నుంచి డిండి మీదుగా మన్ననూరు వెళ్లాను. పాత పాలమూరు జిల్లాలో నల్లమల అంచు అది. అక్కడి పెంటలో, అంటే చెంచుల గూడెంలో, ఒక పెద్దాయన పెద్దతేనె ఈగ సంగతి చెప్పాడు. "పూత అయిపోతే అది ఉండది సారూ. పెరను ఇడిసిపెట్టి లేసిపోతది. మళ్ల పూతకే వస్తది."

ఆ మాట వినగానే నాకు ట్రోపిలేలాప్స్ గుర్తొచ్చింది. ఇటలీ ఈగను పీడించే రెండో నల్లి అది. దాని అసలు ఇల్లు ఈ పెద్దతేనె పెరే. ఎదిగిన ఈగను ఆ నల్లి తినలేదు, పిల్ల దొరక్కపోతే కొద్ది రోజుల్లోనే చస్తుంది. పెర వదిలి లేచిపోవడంతోనే పెద్దతేనె ఈగ దాన్ని చాలావరకు వదిలించుకుంటుంది. మందుకు లొంగని నల్లి కూడా పిల్ల లేకుండా పెరగలేదు కదా.

మన పెట్టెల్లోని ఈగను అలా లేచిపోనివ్వం. రాణిని చిన్న పంజరంలో 24 రోజులు ఉంచితే, మగ ఈగల గదులతో సహా అన్నీ ఖాళీ అవుతాయి. వరోవా అంతా ఈగల ఒంటి మీదికి వస్తుంది. అప్పుడు ఆక్సాలిక్ పోయాలి.

మన్ననూరు నుంచే ఆ రైతుకు ఫోన్ చేసి ఈ సంగతి చెప్పాను. "అన్ని దినాలు పిల్ల లేకుంటే పెట్టె బలం పడిపోదా?" అన్నారు. పడిపోతుంది. అందుకే బత్తాయి తేనె తీసుకున్నాక, పూతలు లేని రోజుల్లో చక్కెర పాకం అందిస్తూ చేయాలి. చివరికి సగం పెట్టెలకు చేసి చూస్తానన్నారు. చేసినవాటికీ చేయనివాటికీ ముందూ తర్వాతా సీసా పరీక్ష చేసి లెక్క రాసిపెట్టమన్నాను. కొత్త పట్టీలు కొనాలా వద్దా అన్నది ఆ లెక్క చూశాకే.