పొగను బట్టి తెలిసిన ఊరు

ఊరు దగ్గరపడుతోందంటే ముందు చెట్లు కనిపిస్తాయి, ఆ తర్వాత ఇళ్ళ కప్పులు. కానీ 1878లో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రానికి వలస వచ్చిన విలియానా హిక్‌మన్ అనే ఇల్లాలికి, చేరాల్సిన ఊరు కళ్ళెదుటే ఉన్నా కనిపించలేదు. ఊరేదని అడిగితే, భర్త నేలలోంచి లేస్తున్న పొగను చూపించాడట. అక్కడి జనం నేలలో గోతులు తవ్వుకుని, పైన కప్పు వేసుకుని కాపురాలు చేస్తున్నారు. అది చూసి ఆమెకు ఏడుపొచ్చేసింది. ఆ ఊరే నికోడెమస్.

కాన్సాస్ వాయవ్య భాగంలో, గ్రాహమ్ కౌంటీలో ఉంది ఈ టౌన్‌షిప్. పేరులో టౌన్ ఉంది కదా అని పట్నం అనుకునేరు! కౌంటీలో అదొక చిన్న భాగం, అంతే. కాసిని ఇళ్ళు, చుట్టూ పొలాలు. ఎటు చూసినా ఎత్తుపల్లాల గడ్డి మైదానం, అడ్డూ ఆపూ లేని గాలి. దగ్గరలో సోలమన్ నది దక్షిణ పాయ పారుతుంది. ఆ రోజుల్లో చెట్లనేవి ఆ ఏటి ఒడ్డునే ఉండేవి. ఇల్లు కట్టుకుందామంటే కలప లేదు, పొయ్యిలోకి కట్టెలు లేవు. ఎండిన పొద్దుతిరుగుడు కాడలు, అడవిదున్నల పేడ ఏరుకొచ్చి వంట చేసుకునేవారు. పిడకల పొయ్యి దగ్గర కళ్ళు మండిన వాళ్ళకి ఆ కష్టం వేరే చెప్పాలా?

ఇంతకీ వీళ్ళెవరు? కెంటకీ రాష్ట్రంలో బానిసలుగా బతికి, 1865లో బానిసత్వం రద్దయ్యాక స్వేచ్ఛ పొందిన నల్లజాతి వాళ్ళు. సొంత భూమి దొరుకుతుందన్న ఆశతో 1877 సెప్టెంబరులో సుమారు 300 మంది రైల్లో ఎల్లిస్ దాకా వచ్చారు. అక్కడి నుంచి 35 మైళ్ళు, అంటే 56 కిలోమీటర్లు కాలినడకే. తీరా వస్తే ఏముంది? బయలు, గాలి, ముంచుకొస్తున్న చలికాలం. కొందరు వెనక్కి వెళ్ళిపోయారు. మిగిలిన వాళ్ళని ఆ చలికాలంలో ఆదుకున్నది వేట ముగించుకుని అటుగా వచ్చిన ఓసేజ్ తెగ వాళ్ళు. తమ దగ్గరున్న ఆహారం పంచి ఇచ్చారు. జెన్నీ ఫ్లెచర్ అనే ఆవిడ పిల్లలకి చదువు మొదలుపెట్టింది, ఊరి మొదటి టీచరు ఆవిడే.

పదేళ్ళు తిరిగేసరికి ఊరి రూపమే మారిపోయింది. చర్చిలు, హోటళ్ళు, దుకాణాలు, బ్యాంకు, రెండు వార్తాపత్రికలు కూడా! ఇక రైలొక్కటే తక్కువ. దాని కోసం 1887లో 16,000 డాలర్ల బాండ్లకి ఓటేశారు. కానీ 1888లో రైలు పట్టాలు నదికి అవతలి పక్కన పడ్డాయి. దుకాణాలు ఒక్కొక్కటిగా పట్టాల దగ్గరికి తరలిపోయాయి. 1930లలో కరువు, దుమ్ము తుఫానులు మిగిలిన వాళ్ళనీ కదిలించాయి. 1953లో పోస్టాఫీసు మూతబడింది, 1960లో బడి మూసేశారు. 2020 జనాభా లెక్కల్లో ఊళ్ళో ఉన్నది 14 మంది!

అయితే ఊరు పోయినట్టేనా? కాదంటారు అక్కడి వాళ్ళు. ఏటా జూలై చివరి వారాంతంలో, ఎక్కడెక్కడో స్థిరపడ్డ మనవలు, మునిమనవలు పిల్లాపాపలతో కార్లు నింపుకుని పుట్టింటికి వచ్చినట్టు దిగుతారు. ఊరేగింపు, చర్చిలో ప్రార్థన, అందరూ కలిసి భోజనాలు. బానిసత్వం నుంచి విముక్తిని తలుచుకునే ఆ పండగ ఊరు పుట్టిన కొత్తల్లోనే మొదలైంది. 1939లో రాతితో కట్టిన టౌన్‌షిప్ హాలు, రెండు పాత చర్చిలు, హోటలు, బడి ఇప్పటికీ నిలిచున్నాయి. 1996లో ప్రభుత్వం దీన్ని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించింది.

లెక్కలు రాసుకునేవాళ్ళు ఆ రోజున గడపలో ఉన్నవాళ్ళనే లెక్కపెడతారు. ఇల్లాలు మాత్రం అలా లెక్కపెట్టదు కదా! దూరంగా ఉన్న బిడ్డలూ ఆవిడ లెక్కలోనే ఉంటారు. ఆ లెక్కన చూస్తే నికోడెమస్ ఇప్పటికీ పెద్ద ఊరే. ఆ రోజు ఏడ్చిన విలియానా వెనక్కి వెళ్ళలేదు. ఆ గడ్డ మీదే సంసారం నిలబెట్టుకుంది. నేలలోంచి లేచిన ఆ పొగ ఎవరో ఒక ఇల్లాలు పొయ్యి వెలిగించిందనడానికి గుర్తు. ఊరు మొదలైంది అక్కడే.