మూరెడు దారం

వేసవి సెలవులు వచ్చాయంటే మన గ్రాంట్ రోడ్ చాళ్ళలో తల్లులందరిదీ ఒకటే బాధ. ఒక్క గదిలో పిల్లలను పగలంతా ఎలా కూర్చోబెట్టడం? గల్లీలో ఆడుకోవడానికి చోటు లేదు, ఇంట్లో ఉంటే ఫోను వదలరు. మా ఇంట్లో దీనికి దొరికిన ఉపాయం సూదీ దారం. మిషను అక్కర్లేదు, చోటు అక్కర్లేదు, ఖర్చు అంతకన్నా లేదు.

సూది మా ఇంటికి కొత్తది కాదు. కామాటిపుర అన్న పేరే నిజాం రాజ్యం నుంచి కట్టుబడి పనులకు వచ్చిన మన కామాటీల వల్ల వచ్చింది. తరువాత తెలంగాణ నుంచి ఎందరో పద్మశాలీలు బట్టల మిల్లులలో పనికి ముంబై చేరారు. మా మామయ్యగారు వారిలో ఒకరు. 1982 జనవరి 18న మొదలైన మిల్లుల సమ్మె తరువాత ఆయనకు మళ్ళీ ఆ పని దొరకలేదు. అప్పుడు మా అత్తమ్మ కార్ఖానా నుంచి చొక్కాలు తెచ్చుకుని, గుండీలు కుట్టి, కాజాలు తీసి సంసారం ఈదారు. "చేతుల సూది ఉంటే ఒకల ముందట చెయ్యి చాపే పని లేదు బిడ్డా" అని ఇప్పటికీ అంటారు.

ఏడెనిమిదేళ్ళు నిండిన పిల్లలకు సూది ఇవ్వవచ్చు. బెజ్జం పెద్దదిగా ఉన్న సూది తీసుకోండి. దారం మూరెడు చాలు, ఎక్కువైతే చిక్కుపడుతుంది. పని మొదలుపెట్టేముందు సూదులు లెక్కపెట్టి ఇచ్చి, లేచేముందు లెక్కపెట్టి తీసుకోండి.

మొదటి పాఠం గుండీ. పాత గుడ్డమీద నాలుగు రంగుల గుండీలు కుట్టించండి. కన్నంలోంచి సూది పైకి రావడం, కిందికి పోవడం పిల్లలకు ఆటలాగే ఉంటుంది.

రెండోది సంచి. పాత తువ్వాలును సగానికి మడిచి, లోపలి వైపు బయటకు ఉంచి, రెండు పక్కలా బియ్యపుగింజంత కుట్లు వేయించండి. నాలుగైదు కుట్లకొకసారి సూదిని ఒక కుట్టు వెనక్కి తెచ్చి వేస్తే గట్టిగా ఉంటుంది. మూతి రెండు వేళ్ళ వెడల్పు మడిచి కుట్టి, చీర అంచు ముక్కలు పట్టీలుగా పెట్టి, తిరగేయండి. 2018లో మహారాష్ట్రలో ప్లాస్టిక్ సంచులు నిషేధించినప్పటి నుంచి కూరగాయలకు మా పాప కుట్టిన సంచే తీసుకెళ్తున్నాను.

మూడోది చిన్న బొంత. ఉతికి ఆరేసిన పాత నూలు చీరలోంచి మూరెడు పొడవు, మూరెడు వెడల్పు ముక్కలు నాలుగు కత్తిరించి, ఒకదానిమీద ఒకటి పరవండి. ముందు నడుమ నుంచి అంచుల వైపు పెద్ద పెద్ద టాకాలు వేస్తే గుడ్డ ముడుచుకోదు. అంచులు లోపలికి మడిచి, అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి కుట్టుకు రావాలి. చివరకు టాకాలు తీసేయాలి. కూర్చుని చదువుకోవడానికి చక్కటి ఆసనం అవుతుంది. రోజుకు రెండు చుట్లు చాలు, తొందరపెట్టకండి.

అసలు లాభం మరొకటి ఉంది. మా పాపది ఇంగ్లీషు బడి, మెట్లమీద ఆటలన్నీ హిందీలో. నానమ్మ తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చేది. ఇప్పుడు అత్తమ్మకు చూపు ఆనక, సూదిలో దారం ఎక్కించేది మనవరాలే. అలా పక్కన కూర్చుని జాన, బెత్తెడు, మూర అంటూ కొలవడం నేర్చుకుంది. కుట్లు తెలుగులో లెక్కపెడుతుంది. "ఈ చీర ఎప్పటిది నానమ్మా?" అని తెలుగులో అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్నకు అత్తమ్మ ఊరి సంగతులు, మిల్లు సంగతులు గంటసేపు చెబుతారు.

పాత చాళ్ళు పడగొట్టి కొత్త భవనాలు కడతారన్న మాట మన గల్లీలలో చాలాకాలంగా ఉంది. ఇల్లు మారేనాడు పెట్టెల అడుగున ఉన్న పాత చీరలన్నీ బరువనే అనిపిస్తాయి. స్టీలు గిన్నెకు మార్చేముందు ఒక్క చీర ఉంచుకోండి. ఇంట్లో పెద్దవారి పక్కన పిల్లలను కూర్చోబెట్టి, ఈ సెలవుల్లో ఒక్క బొంతయినా కుట్టించండి.