ధోలావీరాకు ఏ కాలంలో వెళ్ళాలి?

గుజరాత్‌లోని కచ్ జిల్లాలో, పెద్ద రణ్ ఉప్పునేల మధ్య ఖదీర్ బేట్ అనే దీవి ఉంది. వానాకాలంలో దాని చుట్టూ నీళ్ళు, మిగతా రోజుల్లో చుట్టూ ఉప్పు. ఆ దీవి వాయవ్య మూలన ఉన్న ధోలావీరా సింధు నాగరికత కాలపు పెద్ద నగరాల్లో ఒకటి. క్రీ.పూ. 3000 ప్రాంతంలో మొదలై దాదాపు 1500 ఏళ్ళు జనం మసలిన చోటు అది. 1960లలో జగత్‌పతి జోషి ఈ స్థలాన్ని గుర్తించారు. 1990 నుంచి ఆర్.ఎస్. బిష్త్ ఆధ్వర్యంలో తవ్వకాలు సాగాయి. 2021 జూలైలో రామప్ప గుడికి ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చిన రెండు రోజులకే ధోలావీరాకూ అది దక్కింది. ద్వారక, సోమనాథ్ యాత్రకు వెళ్ళే తెలుగు కుటుంబాల్లో కొందరు ఇప్పుడు కచ్‌ను కూడా కలుపుకుంటున్నారు. తిరిగొచ్చాక వాళ్ళలో కొందరు ఆసుపత్రి మెట్లెక్కుతున్నారు. చాలావరకు అది వెళ్ళిన నెల వల్ల వచ్చిన జబ్బే.

కచ్‌లో ఎండాకాలం మార్చి నెలాఖరుకే ముదురుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పగటి వేడి 40 డిగ్రీలు దాటడం మామూలే. జూన్‌లో దుమ్ముగాలులు లేస్తాయి. వాన జూన్ ఆఖరు నుంచి సెప్టెంబరు దాకా పడుతుంది, అదీ కొద్దిగానే, కొన్ని ఏళ్ళు పూర్తిగా మొహం చాటేస్తుంది. అక్టోబరులో ఎండ మళ్ళీ ఒకసారి విజృంభిస్తుంది. నవంబరు నడిమి నుంచి ఫిబ్రవరి దాకా పగలు హాయిగా ఉంటుంది. జనవరి రాత్రులు 10 డిగ్రీలకూ, ఒక్కోసారి అంతకన్నా కిందికీ పడిపోతాయి. కోటగోడల లోపలి నగరమే సుమారు 770 మీటర్ల పొడవు, 615 మీటర్ల వెడల్పు. ఎక్కడా నీడ ఉండదు. కోట, నడిమి ఊరు, కింది ఊరు, జలాశయాలు అన్నీ చూడాలంటే రెండు మూడు గంటలు ఎండలో, రాళ్ళ మీద నడవాలి.

తెలుగు కుటుంబాల్లో ప్రయాణం నెలను నిర్ణయించేది పిల్లల బడి సెలవులు. అందుకే ఎక్కువమంది రోళ్ళు పగిలే రోహిణి కార్తెలోనే బయల్దేరుతారు. రెంటచింతల, రామగుండం ఎండలు చూసినవాళ్ళం, కచ్ ఎండ మనల్నేం చేస్తుందన్న ధీమా చాలామందిలో కనిపిస్తుంది. ఆ ధీమాకు వైద్యశాస్త్రంలో ఆధారం తక్కువ.

కోస్తా జిల్లాకు చెందిన ఒక పెద్దాయన ఉదంతం ఇందుకు ఉదాహరణ. వయసు అరవై దాటింది. బీపీకి వేసుకునే మాత్రలో ఒంట్లో నీరు తీసే మందు కూడా కలిసి ఉంది. షుగర్‌కు డాపాగ్లిఫ్లోజిన్ వాడుతున్నారు. మే నెలలో మనవలతో కలిసి భుజ్ నుంచి కారులో ధోలావీరా వెళ్ళారు. చేరేసరికి పదకొండయింది. కోట చూసి, తూర్పు జలాశయంలోకి దిగారు. అది దాదాపు 73 మీటర్ల పొడవు, 29 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల లోతు ఉన్న గొయ్యి. మూలన రాతిమెట్లు ఉంటాయి. గాలి ఆడని ఆ అడుగున మనవలకు ఫొటోలు తీస్తూ కాసేపు నిలబడ్డారు. పైకి ఎక్కుతుంటే కళ్ళు బైర్లు కమ్మి కూలబడ్డారు. నీడకు చేర్చి నీళ్ళు తాగిస్తే తేరుకున్నారు గానీ, ఇంటికి వచ్చిన మూడో రోజుకు మూత్రం బాగా తగ్గిపోయింది. పరీక్షలో క్రియాటినిన్ పెరిగి ఉంది. సెలైన్ ఎక్కించి, ఆ రెండు మందులూ కొన్నాళ్ళు ఆపితే కిడ్నీలు మామూలు స్థితికి వచ్చాయి. తనకు చెమటే పట్టలేదని ఆయన పదేపదే చెప్పారు. ఆ రోజు తొడుక్కున్న ముదురు రంగు చొక్కా వీపు మీద, కాలరు అంచున తెల్లటి ఉప్పు చారలు కట్టి ఉన్నాయని భార్య చెప్పేదాకా ఎవరూ ఆ మాటను అనుమానించలేదు.

చుట్టూ ఉన్న గాలి చర్మం కన్నా వేడిగా ఉన్నప్పుడు ఒంటికి చల్లబడే దారి ఒక్కటే మిగులుతుంది: చెమట ఆరడం. కూజాలో నీళ్ళు చల్లబడేదీ ఈ పద్ధతిలోనే. ఒక లీటరు చెమట పూర్తిగా ఆరితే సుమారు 580 కిలో కేలరీల వేడి ఒంట్లోంచి పోతుంది. కాకినాడలోనో విశాఖలోనో గాలి తేమగా ఉంటుంది కాబట్టి చెమట ధారలు కడుతుంది, మనిషికి దాహం గుర్తొస్తుంది. రణ్‌లో పొడి గాలి చెమటను పుట్టినచోటే పీల్చేస్తుంది. ఒళ్ళు చల్లబడేందుకు ఇది మేలే, కానీ ఎంత నీరు పోతోందో మనిషికి తెలియదు. ఎండలో నడిచేవారికి గంటకు లీటరు పోవడం వింత కాదు. అరవై దాటినవారిలో దాహం మందగిస్తుంది గనుక నాలుక కూడా హెచ్చరించదు.

ఎండకు ఒళ్ళు అలవాటు పడటం నిజంగా ఉంది. రోజూ కొంతసేపు వేడిలో పనిచేస్తే ఒకటి రెండు వారాల్లో చెమట త్వరగా మొదలవుతుంది, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. అయితే ఆ అలవాటు మానేసిన కొన్ని వారాల్లోనే కరిగిపోతుంది. దుబాయిలోనో కువైట్‌లోనో ఏళ్ళ తరబడి ఎండలో కట్టడం పని చేసి, కరీంనగర్, నిజామాబాద్ వైపు ఇళ్ళకు తిరిగొచ్చినవారికి కూడా పాత ఓర్పు జీవితాంతం తోడుండదు. ఏసీ గదుల్లో పనిచేసేవారికి అసలు అది ఏర్పడనే ఏర్పడదు.

మందుల సంగతి ఇంకా ముఖ్యం. ఒంట్లో నీరు తీసే మాత్రలు, డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మూత్రంలో చక్కెర పంపే షుగర్ మాత్రలు నీటి లోటును పెంచుతాయి. బీటా బ్లాకర్లు చర్మానికి చేరే రక్తాన్ని తగ్గిస్తాయి. పార్కిన్సన్స్‌కు వాడే ట్రైహెక్సిఫెనిడిల్, మూత్రం ఆగకపోవడానికి ఇచ్చే కొన్ని మందులు, పాత తరం అలర్జీ మాత్రలు చెమటనే అడ్డుకుంటాయి. వీటిలో వేటినీ సొంతంగా ఆపకూడదు. ప్రయాణానికి కొన్ని రోజుల ముందే వైద్యుణ్ణి అడిగి, ఏది తగ్గించాలో, ఏది ఎప్పుడు వేసుకోవాలో తెలుసుకోవాలి. ఇలాంటి మందులు రెండు మూడు కలిసి వాడుతున్నవారు ఏప్రిల్ నుంచి జూన్ దాకా ధోలావీరా తలపెట్టకపోవడమే క్షేమం.

ఎండలో తిరిగిన మనిషి మాట తడబడుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, మూర్ఛ వచ్చినా అది వడదెబ్బే అనుకోవాలి. లోపలి వేడి 40 డిగ్రీలు దాటాక ప్రతి నిమిషమూ విలువైనదే. పెద్ద ఆసుపత్రి ఉన్న భుజ్ ఏ దారిన వెళ్ళినా నూరు కిలోమీటర్లకు పైమాటే. కాబట్టి చల్లబరచడం అక్కడే, వెంటనే మొదలుపెట్టాలి: బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళు పోసి, ఆపకుండా విసరాలి, ఆ తర్వాతే బండి ఎక్కించాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు పోయకూడదు. పారాసిటమాల్ ఈ వేడి మీద పనిచేయదు.

వానాకాలం గురించి చెప్పాల్సింది కొద్దే. రణ్‌లో నీరు నిలిచి దారులు దెబ్బతింటాయి, రాళ్ళు జారతాయి, పాములు బయటికి వస్తాయి. ఊరికి రెండు వైపులా పారే మన్సర్, మన్హర్ వాగుల్లో ఆ కొద్ది రోజులే నీరు కనిపిస్తుంది. ఆ నీటిని ఆనకట్టలతో మళ్ళించి జలాశయాల్లో నింపుకొని ఏడాది గడిపిన నగరం ఇది. ఆ ఏర్పాటు ఎలా నడిచిందో కళ్ళారా చూడాలనుకునే చరిత్ర విద్యార్థులకు తప్ప మిగతావారికి ఈ కాలం సిఫారసు చేయలేం.

దసరా సెలవులు చాలామందికి మంచి సమయంగా తోస్తాయి. అవి ఎక్కువగా పడే అక్టోబరు మాత్రం మోసం చేసే నెల. పొద్దున్నే చల్లగా ఉంటుంది, మధ్యాహ్నానికి 35 డిగ్రీలు దాటుతుంది. ఆ నెలలో వెళ్ళొచ్చిన ఒక యువకుడికి ఇన్సులిన్ మోతాదు సరిగానే తీసుకున్నా చక్కెర దిగిరాలేదు. ఆరా తీస్తే, ఇన్సులిన్ పెన్ను రోజంతా కారు డాష్‌బోర్డు మీద ఎండలో పడి ఉందని తేలింది. వాడకంలో ఉన్న ఇన్సులిన్‌కు 30 డిగ్రీలు మించకూడదు. ఎండలో మూసిపెట్టిన కారు లోపల అంతకన్నా చాలా ఎక్కువ ఉంటుంది.

మిగిలింది చలికాలం. తెలుగువారికి ఇందులో ఒక అదృష్టం ఉంది: సంక్రాంతి సెలవులు సరిగ్గా ఈ కాలంలోనే పడతాయి. మే సెలవుల్లో అనుకున్న ప్రయాణాన్ని జనవరికి మార్చుకుంటే పైన చెప్పిన ప్రమాదాల్లో చాలావరకు ఎదురే రావు. అలాగని చలికాలానికి దాని జబ్బులు లేకపోలేదు. యాభై అయిదేళ్ళ ఒకామె జనవరిలో బస్సు యాత్రకు వెళ్ళి, తిరిగొచ్చాక వణుకుతో కూడిన జ్వరం, నడుంనొప్పితో ఆసుపత్రిలో చేరారు. మూత్రంలో మొదలైన ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా పాకింది. ఆమెకు షుగర్ ఉంది. దారిలో సరైన మరుగుదొడ్డి దొరకదేమోనని నాలుగు రోజులూ నీళ్ళు దాదాపు మానేశారు. యాత్రలకు వెళ్ళే ఆడవాళ్ళలో ఇది అతి మామూలు సంగతి, ఎవరూ నోరు విప్పి చెప్పరు. ప్రయాణం ఏర్పాటు చేసేవారు రెండు గంటలకోసారి శుభ్రమైన చోట బస్సు ఆపితే, ఏ మందూ చేయలేని మేలు జరుగుతుంది.

గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవారు చలి గాలిలో తెల్లవారుజామునే నడక మొదలుపెట్టకూడదు. కాస్త ఎండ ఎక్కాక, తొమ్మిది గంటల ప్రాంతంలో వెళ్ళడం మేలు. ఎండ రోజుల్లో పొద్దున్నే చూసి ముగించాలనే సలహాకు ఇది పూర్తిగా వ్యతిరేకం. తెల్లని ఉప్పునేల సూర్యకాంతిని తిరగగొడుతుంది కాబట్టి చలికాలంలో కూడా నల్ల కళ్ళద్దాలు, అంచున్న టోపీ అవసరమే.

గుంపులో అందరికన్నా బలహీనమైన మనిషి ఎవరో చూసి నెలను నిర్ణయించుకోవాలి. గర్భిణులు, పసిపిల్లలు, కిడ్నీ జబ్బున్నవారు, డెబ్బై దాటినవారు వెంట ఉంటే డిసెంబరు, జనవరి నెలలే. ఆరోగ్యంగా ఉన్న నడివయసువారు నవంబరు ఆఖరునో ఫిబ్రవరిలోనో వెళ్ళినా ఇబ్బంది ఉండదు. తప్పనిసరై మార్చిలో వెళ్ళే యువకులు పొద్దున పదిలోపు చూడటం ముగించి, మనిషికి మూడు లీటర్ల నీళ్ళూ, లీటరుకు ఒకటి చొప్పున కలుపుకోవడానికి ఓఆర్ఎస్ పొట్లాలూ వెంట ఉంచుకోవాలి.