మూసిన ఇల్లు, మూషికాలు, శమించని క్రోధం



కోనసీమలో వృద్ధ గౌతమీ తీరాన ఉన్న మురమళ్ళ, శ్రీ భద్రకాళీ సమేత వీరేశ్వరస్వామి వారి నిత్యకల్యాణ క్షేత్రంగా ప్రసిద్ధం. ఆలయానికి నడిచి వెళ్ళగలిగినంత దూరంలో మా పూర్వుల పెంకుటిల్లు ఉన్నది. తండ్రిగారు శివసాయుజ్యం పొందిన నాటి నుండి సంవత్సరంలో పది నెలలకు పైగా ఆ ఇంటికి తాళమే. సంక్రాంతికి కొన్ని దినాలు, వైశాఖంలో పిల్లల సెలవులకు ఒక మాసం మాత్రమే అక్కడ దీపం వెలుగుతుంది. కొన్ని సంవత్సరాల క్రితం ఒక వైశాఖంలో ఆ ఇంట జరిగిన సంఘటన నా అహింసా భావన ఎంత పైపైన ఉన్నదో నాకు చూపింది. గృహస్థులైన సాధకులకు ఉపకరించవచ్చునన్న ఉద్దేశంతో దానిని విన్నవించుకుంటున్నాను.

ఆనాడు తలుపు తెరవగానే ఘాటైన వాసన ముఖానికి కొట్టింది. వంటింటి గట్టు మీద నల్లని రెట్టలు; అటక మీద కురిడీ కోసం నిలవ ఉంచిన కొబ్బరికాయల మధ్య పరుగులు. మధ్యాహ్నానికి మామిడి, పనస పళ్ళ బుట్టలు వచ్చాయి. వాటి వెంట ఈగలు వచ్చాయి. నైవేద్యం పళ్ళెం మీద మూత తీయడానికి వీలు లేకపోయింది. అయినా ఇవేవీ నన్ను అంతగా కలచలేదు. దేవుని గదిలోని భోషాణం మీద తండ్రిగారి వ్రాతపుస్తకాలు ఉండేవి. భాగవతం ఏకాదశ స్కంధానికి ఆయన తమ స్వహస్తంతో వ్రాసుకున్న వివరణలవి. పై పుస్తకం అంచులు రంపంతో కోసినట్టు ఉన్నాయి. తెరిచి చూస్తే లోపల కొన్ని పుటలు అసలే లేవు.

అప్పుడు కలిగిన క్రోధాన్ని దాచుకోవడంలో అర్థం లేదు. ఆ సాయంత్రమే బజారు నుండి జిగురు అట్టలు తెచ్చి గోడల వెంట పరిచాను. బోను తేవచ్చునన్న ఆలోచన రాకపోలేదు, అది చాలదనిపించింది. ఎలుకలు పోవడం ఒక్కటే కాదు, అవి అనుభవించాలని కూడా నా మనస్సు కోరుకున్నది. వినాయక చవితినాడు స్వామి పాదాల చెంత ఉన్న మూషికానికి కూడా అక్షతలు వేసే చేతులే ఇవి.

తెల్లవారుజామున లేచి చూసేసరికి ఒక చిట్టెలుక అట్టకు అంటుకొని ఉన్నది. కాళ్ళు లాక్కునే ప్రయత్నంలో దాని చర్మం చిట్లింది. ఇంకా ఊపిరి ఆడుతున్నది. కొబ్బరినూనె పోసి విడిపించడానికి ప్రయత్నించాను; విడివడింది కానీ సూర్యోదయానికి ముందే ప్రాణం పోయింది. భారత జంతు సంక్షేమ మండలి ఇటువంటి అట్టలను నిషేధించవలసిందిగా రాష్ట్రాలకు సూచించిందని నాకు తరువాత తెలిసింది. అయితే ఆ ఉదయం నా కంటికి కనిపించినదాన్ని గ్రహించడానికి ఏ సూచనా అవసరం లేకపోయింది.

అసలు సంగతి ఆ తరువాత బయటపడింది. భోషాణం జరిపితే వెనుక మూలలో ఒక గూడు ఉన్నది. సన్నగా చీల్చిన కాగితపు పీలికలు. వాటి మీద అక్కడక్కడ తండ్రిగారి అక్షరాలు. ఆ పీలికల నడుమ కళ్ళు తెరవని, వెంట్రుక మొలవని అయిదు పిల్లలు. తండ్రిగారి పుటలను అది ద్వేషంతో కొరకలేదు. పిల్లలకు పరుపు కోసం కొరికింది. దూదితో పాలచుక్కలు అందించి చూశాము. మూడవ నాటికి ఒక్కటీ మిగలలేదు.

ఆ దినం కల్యాణానికి వెళ్ళి ఒక స్తంభం పక్కన కూర్చున్నాను. చిన్నతనం నుండి విన్న స్థలపురాణమే ఆనాడు మరొక విధంగా వినిపించింది. దక్షయజ్ఞ ధ్వంసానికి పుట్టినవాడు వీరభద్రుడు. కార్యం పూర్తి అయింది, యజ్ఞం నాశనమైంది. అయినా ఆయన రౌద్రం శమించలేదు. మునులు పరాశక్తిని ప్రార్థించగా ఆమె భద్రకాళిగా, కన్యారూపంలో దర్శనమిచ్చింది, స్వామి శాంతించాడు, గాంధర్వ రీతిలో వివాహం జరిగింది. ఆ మునుల నివాసమైన మునిమండలియే మురమళ్ళ అయిందంటారు. ఇక్కడ ప్రతినిత్యం కల్యాణం జరగడంలో నాకు ఒక భావం స్ఫురించింది. క్రోధం ఒకసారి శమిస్తే చాలదు. ప్రతినిత్యం శమింపజేయాలి. నా కోపానికి కారణమైన ఎలుక ఉదయమే మరణించింది. కోపం మాత్రం దానితో పోలేదు. మొదట ఎలుక మీద ఉన్నది, తరువాత ఇల్లు పట్టించుకోలేదని తమ్ముని మీదికి, చివరకు నా మీదికి మళ్ళింది. శత్రువు నశించినా క్రోధం నిలిచి ఉంటే, ఆ శత్రువు దానికి ఆలంబనం మాత్రమే గాని మూలం కాదన్నమాట.

మరునాడు మా తోట చూసే పెద్దాయన వచ్చి అంతా విని నవ్వాడు. "ఆయ్, బాబుగారండీ, ఎలకలు మీ ఇంట్లోకి రాలేదండి. పది నెలల నుంచీ అది వాటి ఇల్లే. మధ్యలో మీరొచ్చారు. అటక నిండా కాయలు పెట్టి, డబ్బాలో బియ్యం వదిలేసి తాళమేసుకెళ్తే, భోజనాలకి పిలిచినట్టే కదండీ" అన్నాడు.

ఆ మాటతో పని మొదలైంది. చిట్టెలుకకు పెన్సిలు పట్టేంత రంధ్రం చాలు. గోడలను, తూములను, గుమ్మాల అడుగులను దీపం పట్టుకొని పరిశీలించి, దొరికిన ప్రతి సందులో గిన్నెలు తోమే స్టీలు పీచు కూరి, పైన సిమెంటు మెత్తాము. చూరుకు ఆనుకొని ఉన్న కొబ్బరి మట్టలు కొట్టించాము. అటక మీది కాయలన్నీ దింపించి అమ్మివేశాము. బియ్యం, పప్పులు, చివరకు అగరువత్తులు, వత్తుల దూది కూడా మూత బిగిసే రేకు డబ్బాలలోకి చేరాయి. లోపల మిగిలినవాటి కోసం బోను పెట్టి, పడిన మూడింటిని కాలువ గట్టు పొదలలో విడిచిపెట్టాను. అక్కడ గుడ్లగూబలు, పాములు ఉన్నాయి; అవి ఎంతకాలం జీవించాయో చెప్పలేను. కనుక వాటిని రక్షించానని చెప్పుకోవడం ఆత్మవంచన అవుతుంది. హింస చేయాలన్న కోరిక ఈసారి లేదు, అంతవరకే.

ఈగల విషయంలో కూడా సూత్రం ఇదే. వేపాకు పొగ వేస్తే గడియసేపు పోయి మళ్ళీ వస్తాయి. వేసవిలో గ్రుడ్డు నుండి ఈగ కావడానికి వారం పది రోజులు చాలు. పుట్టేచోటు పెరటి పెంటపోగు, పనస తొక్కల కుప్ప. మనం కొట్టేచోటు వంటిల్లు! పెంటను ఇంటికి దూరంగా తరలించి, తొక్కలను ఏనాటికానాడు కొబ్బరి మొదళ్ళలో గొయ్యి తీసి మట్టి కప్పాము. వంటింటికి జాలీ తలుపు బిగించాము. రెండు వారాలలో నైవేద్యం మీద మూత తీయగలిగాము.

వాసనల సంగతి కూడా ఇంతే కదా అనిపించింది. ధ్యానసమయంలో వచ్చిన ఆలోచనను కొట్టి తరమడం వంటింటిలో ఈగను కొట్టడం వంటిది. పెరటిలో దానికి ఆహారం కుప్పగా ఉన్నంతకాలం అది పుడుతూనే ఉంటుంది. ఆహారం తొలగించాలి, ప్రవేశించే రంధ్రం పూడ్చాలి, వచ్చినదానిని ద్వేషించకుండా బయటకు పంపాలి.

అయితే ఎలుకలతో, ఈగలతో కలిసి జీవించడమే అహింస అని నేను అనను. ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా ఎలుక జ్వరం సోకుతుంది. ఎలుకలున్న చోటికి పాములు వస్తాయి. ఈగలు రోగాలను మోస్తాయి. పిల్లలు తిరిగే ఇంటిని శుభ్రంగా ఉంచడం గృహస్థుని ధర్మం. మనుస్మృతి పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీటికుండ అనే అయిదింటిని గృహస్థుని పంచసూనలని, అనగా వధాస్థానాలని పేర్కొన్నది. ఊడ్చినా హింసయే, వండినా హింసయే. దానిని కాదనకుండా, ప్రాయశ్చిత్తంగా పంచమహాయజ్ఞాలను విధించింది. వాటిలో భూతయజ్ఞం పశుపక్షి క్రిమికీటకాదులకు అన్నం పెట్టడమే. బృహదారణ్యకోపనిషత్తు ప్రథమాధ్యాయం, చతుర్థ బ్రాహ్మణంలో ఇంకొక అడుగు ముందుకు వేసి, ఇంట్లో చీమ మొదలుకొని పశుపక్ష్యాదుల వరకు జీవనం పొందుతున్నందువల్ల గృహస్థుడు వాటికి లోకమౌతున్నాడని చెప్పింది. ఆ అయిదు పిల్లలకు మూడు దినాల పాటు లోకం నేనే. ఆ లోకం వాటిని కాపాడలేకపోయింది.

తండ్రిగారి పుస్తకంలో మిగిలిన పుటలలో అవధూత గురువుల ఘట్టం ఉన్నది. వారిలో సర్పం ఒకటి. అది ఇల్లు కట్టుకోదు, పరులు కట్టిన గృహంలో ఉంటుంది. అనిత్యమైన దేహం కోసం ఇల్లు కట్టి దుఃఖపడేవాడు మనుష్యుడు. ఆ పుట పక్కన తండ్రిగారు ఎర్ర సిరాతో వ్రాసుకున్న రెండే మాటలు ఉన్నాయి: "మన ఇల్లా?"

ఇప్పుడు ప్రతి సెలవుల చివర, తాళం వేసే ముందు ఇల్లంతా ఒకసారి దీపంతో తిరిగి చూస్తాము. లోపల గింజ కూడా మిగల్చము. వెళ్ళేనాటి అన్నంలో మొదటి ముద్దను పెరటి గోడకు ఆవల అరటి ఆకులో పెడతాను. దానిని కాకి తింటుందో, ఎలుక తింటుందో చూడను. ఆ చినిగిన పుస్తకాన్ని కొత్త అట్టతో కుట్టించి, వెంట తెచ్చుకున్నాను. లేని పుటల స్థానంలో తెల్లకాగితాలు ఉన్నాయి.

శ్రీ వీరేశ్వరార్పణమస్తు.