కాయ లేదు, పువ్వు లేదు... రంగుంది!

ఉద్యానం అన్న మాటే జనం నోట్లో నలిగి నలిగి ఉద్దానం అయిందంటారు మా పెద్దవాళ్లు. సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం... ఎటు వెళ్లినా చెట్లే. కొబ్బరి, జీడి, పనస, మామిడి. అయితే ఆ చెట్లలో ఏదీ ఊరికే నిలబడదు. కొబ్బరి కాయనిస్తుంది, పీచునిస్తుంది, చివరికి ఈనెపుల్లల చీపురునీ ఇస్తుంది. జీడి పలాస ఫ్యాక్టరీలకు పని చూపిస్తుంది. పనస పెళ్లిళ్లలో కూరవుతుంది. సముద్రపొడ్డున సరుగుడు గాలినీ ఇసుకనీ ఆపి, చివరికి పొయ్యిలోకో పందిరి రాటగానో వస్తుంది. 'ఈ చెట్టెందుకు?' అని అడిగితే జవాబు చెప్పలేని చెట్టు మా ఊళ్లో లేదు.

అలాంటి ఊళ్లో, అదీ మా పెరట్లో, ఎందుకూ పనికిరాని మొక్కలతో ఒక మడి వేశాం. కోనిఫర్ మొక్కలు. అంటే థూజా, జూనిపర్, క్రిస్మస్ చెట్టు... ఆ జాతి.

మొక్కలు దింపిన రోజు అమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

''కాయ లేదు, పువ్వు లేదు. కూరకి రాదు, పూజకి రాదు. ఏటికే ఇవి?''

నిజానికి అమ్మ అన్నది వృక్షశాస్త్రం కూడా ఒప్పుకునే మాట. కోనిఫర్లకు పువ్వులుండవు. విత్తనాలు పండులో దాక్కోవు... చాలావాటిలో చెక్కపొలుసుల శంకువుల్లో ఉంటాయి. పూలు పూసే మొక్కలు భూమ్మీదకు రాకముందే పుట్టిన వంశం అది. తమాషా ఏమిటంటే, సూదుల్లాంటి ఆకులు, చిన్న శంకువుల్లాంటి కాయలు చూసి అందరం పైన్ చెట్టుకి చుట్టమనుకునే సరుగుడు మాత్రం కోనిఫర్ కాదు. అది పూలు పూసే జాతిదే. మనం ఆకులనుకునేవి దాని సన్నని రెమ్మలు. అసలు ఆకులు ఆ రెమ్మల కణుపుల దగ్గర కంటికి ఆనీ ఆననట్టు ఉంటాయి.

ఇదంతా అమ్మకి చెప్పాను. ''అయితే ఏటి?'' అంది. అక్కడితో పాఠం ముగిసింది.

నాలుగు చెట్లు పోయిన చోట

అమ్మ ప్రశ్నకు జవాబు మొక్కల్లో లేదు, అరుగు మీద ఉంది. అక్కడ మడతకుర్చీలో నాన్న కూర్చుంటారు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకి 140 కిలోమీటర్లు దాటిన గాలి. తెల్లారేసరికి ఉద్దానంలో ఆకాశం ఎక్కువైపోయింది. అప్పటిదాకా మట్టలే అడ్డంగా కనిపించే చోట ఒట్టి వెలుగు! మా పెరట్లో ఆరు కొబ్బరి చెట్లుండేవి. నాలుగు పోయాయి. తోటలోవి లెక్కేయడానికి నాన్న రెండు రోజులు వెళ్లలేదు. ఆ నాలుగింటికీ నీళ్లు మోసింది ఆయనే. నేను పుట్టిన ఏడు పెట్టినవట.

ఆ జాగా అలాగే ఉండిపోయింది. మళ్లీ కొబ్బరి పెడదామంటే నాన్న ''చూద్దుం'' అనేవారు. 2021లో కిడ్నీ జబ్బు బయటపడింది. ఉద్దానంలో ఈ మాట వింటే ఎవరూ ఆశ్చర్యపోరు... ఏ వీధిలో, ఎన్నో ఇంట్లో అని మాత్రం అడుగుతారు. కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇప్పటికీ కచ్చితంగా తేల్చలేదు. ఏడాది తిరిగేసరికి డయాలసిస్ మొదలైంది. వారానికి రెండుసార్లు, వెళ్లినప్పుడల్లా నాలుగు గంటలు మంచం మీద. మిగతా రోజులు అరుగు మీద. ఎదురుగా ఆ నాలుగు గుంటలు.

ఒకసారి సెలవుకి వచ్చినప్పుడు మళ్లీ అడిగాను, కొబ్బరి మొక్కలు తెప్పించనా అని.

''కొబ్బరి పెడితే కాయ దింపేసరికి ఏడెనిమిదేళ్లమ్మా...'' అన్నారు. తరవాత మాట రాలేదు. రాకపోయినా నాకు వినపడింది.

అప్పుడే అనుకున్నాను. ఏడేళ్లు ఆగమనని మొక్కలు కావాలి. పెట్టిన రోజునే ఏం చూపిస్తుందో అది చూపించేసే మొక్కలు. పూలమొక్కలైతే పూస్తాయి, రాలతాయి, మళ్లీ ఎదురుచూడమంటాయి. ఆకే రంగైతే? పొద్దున లేచేసరికి అది అక్కడే ఉంటుంది. కాయకీ పువ్వుకీ కాలం కలిసి రావాలి గానీ, రంగుకి ఎదురుచూపు లేదు.

రంగుల లెక్క

కోనిఫర్లు అనగానే విదేశీ పత్రికల్లో బొమ్మలు గుర్తొస్తాయి. నీలం, బంగారు, ముదురాకుపచ్చ, చలికాలంలో రాగిరంగు... ఒక్క పువ్వు లేకుండా మడంతా పూసినట్టుంటుంది. అందులో అందరి కన్నూ పడేది బ్లూ స్ప్రూస్. అమెరికా రాకీ పర్వతాల చెట్టు. దానికి గడ్డకట్టే చలికాలం కావాలి. సోంపేటలో రగ్గు కప్పుకునే రాత్రులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కాబట్టి దాన్ని బొమ్మలోనే ఉంచేశాను.

మన ఎండకీ ఉప్పుగాలికీ ఏవి నిలుస్తాయో వాటితోనే లెక్క వేసుకున్నాం. ఆ మొక్కలన్నీ కడియం వైపు నర్సరీల నుంచి వ్యాన్ల మీద మన ఊళ్లకు వస్తాయి. 2023 డిసెంబరులో నాలుగు గుంటలూ పూడ్చి, పన్నెండడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పుతో మడి గీశాను. మధ్యలో కొంచెం లోపలికి వంగిన ఆకారం. తోటపని పుస్తకాల్లో దీన్ని 'కిడ్నీ ఆకారపు మడి' అంటారు. ఆ మాట మా ఇంట్లో ఎత్తలేదు. చిక్కుడుగింజ మడి అన్నాను.

వెనక వరసలో మూడు పోడోకార్పస్‌లు. ముదురాకుపచ్చ తెరలా నిలబడతాయి, ముందున్న రంగుల్ని ఎత్తి చూపిస్తాయి. మధ్యలో మూడు బంగారు థూజాలు. గుడ్డు ఆకారంలో, విసనకర్రలు నిలువుగా పేర్చినట్టుంటాయి. ఉత్తరాదిన దీన్ని మోర్‌పంఖి అంటారు, నెమలిరెక్క అని. దీనికి ఎండ తగలాల్సిందే. నీడలో పెడితే బంగారం కాస్తా మామూలు పచ్చగా మారిపోతుంది. కొబ్బరి చెట్లున్న రోజుల్లో అయితే ఆ చోట దీనికి ఈ రంగు వచ్చేది కాదు. తుపాను తెచ్చిన వెలుగు అలా పనికొచ్చింది.

పక్కలకి రెండు జూనిపర్లు. బూడిద కలిసిన నీలం, నేల మీదకి వాలి పాకే రకం. ఒక మూల గోల్డెన్ సైప్రస్. ఆకు నలిపితే నిమ్మకాయ వాసన. మైదానం ఎండకు నిలవడం కష్టమని మొక్కలతను ముందే చెప్పాడు. ఆ వాసనకి నాన్న మొహం వెలిగింది. తెలిసే కొన్నాం. ముందు అంచున గడ్డిగులాబీలు, రెండు ఎర్ర అకలీఫాలు. పూర్తిగా సూదులే ఉంటే మడి బిగుసుకుపోయినట్టుంటుంది. వెడల్పాకు పడితే ఊపిరి పీల్చుకుంటుంది.

ఇలాంటి మడి వేసుకోవాలనుకునేవాళ్లకి నాలుగు మాటలు. ఒక్కో రంగుని మూడేసి మొక్కల గుంపుగా పెట్టండి. ఒక్కోటీ చల్లుకుంటూ పోతే కలగాపులగం అవుతుంది. సంచిలో ఎంత లోతున ఉందో నేలలోనూ అంతే లోతు. మొదళ్లకు మట్టి ఎగదోయకూడదు. థూజా, సైప్రస్‌లను ఆకున్న కొసల వరకే కత్తిరించాలి. ఆకులేని ముదురు కొమ్మ దాకా కోస్తే అక్కడ మళ్లీ చిగురు రాదు. ఎండాకాలంలో ఆకు లోపలివైపు నుంచి గోధుమరంగుకి తిరుగుతుంటే ఎర్రనల్లి ఉందేమో చూడాలి. తెల్ల కాగితం మీద కొమ్మ దులిపితే కదిలే చుక్కల్లా పడుతుంది.

ఇక క్రిస్మస్ చెట్టు. అసలు పేరు అరౌకేరియా. పసిఫిక్ దీవుల నుంచి వచ్చింది కాబట్టి ఉప్పుగాలి దానికి పుట్టింటి గాలి. 1774లో కెప్టెన్ కుక్ నార్‌ఫోక్ దీవిలో ఈ జాతి చెట్లను చూసి, ఓడల తెరచాప కొయ్యలకి భేషుగ్గా ఉంటాయనుకున్నాడట. ఇది చెప్పగానే నాన్న బారువ రేవు కథలు ఎత్తుకున్నారు... అక్కడ ఓడలాగిన రోజుల గురించి వాళ్ల తాత చెప్పినవి. ఒక గంట డయాలసిస్ ఊసు లేకుండా గడిచింది. ఆ మొక్క నేలలో పెడితే కొబ్బరిని మించి పెరుగుతుంది. ఇంటి పక్కన, అదీ తుపాను దారిలో, వద్దు. సిమెంటు తొట్టెలో ఉంచాం.

చెంబు లెక్క

డయాలసిస్ ఇంట్లో నీళ్లంటే మందు లాంటివి. అమ్మ పొద్దున్నే ఒక సీసా నింపి బల్ల మీద పెడుతుంది. ఆ రోజుకి నాన్న తాగాల్సింది అంతే. చారులో తడి, మజ్జిగ... అన్నీ దాని లెక్కలోకే. ఎండాకాలం మధ్యాహ్నం ఆ సీసా వైపు ఆయన చూసే చూపు నేను రాయలేను.

కోనిఫర్లకీ నీళ్లు ఎక్కువైతే పనికిరాదు. వేళ్ల దగ్గర నీరు నిలిస్తే కుళ్లిపోతాయి. ఎండితే మాత్రం చెప్పవు. మామూలు మొక్కలా ఆకు వాల్చి అడగవు. పచ్చగానే కనిపిస్తూ లోపల ఎండిపోతాయి. తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. అందుకే వేలు మట్టిలో గుచ్చి చూసి, తడి లేకపోతేనే పోయాలి. మాది ఇసుక నేల కాబట్టి నీరు నిలవదు. తడి తొందరగా ఆరకుండా మొదళ్ల చుట్టూ కొబ్బరిపొట్టు పరిచాం.

ఇదంతా విని నాన్న నవ్వారు.

''అంటే నాలాగే వీటికీ నీళ్లు కొలిచే పొయ్యాలన్నమాట.''

మర్నాటి నుంచి ఆ పని ఆయన తీసుకున్నారు. కుర్చీ మడి దగ్గరికి జరుపుకుని, వేలు గుచ్చి చూసి, చెంబుతో కొలిచి పోయడం. ఏ మొక్కకి ఏ రోజు ఎన్ని చెంబులో క్యాలెండరు మీద గీతలు. అదే క్యాలెండరు మీద అమ్మ డయాలసిస్ రోజులకి సున్నాలు చుడుతుంది. గీతలూ సున్నాలూ కలిసి మా ఇంటి నెల.

రోహిణి కార్తెలో గోల్డెన్ సైప్రస్ పోయింది. పది రోజుల్లో బంగారం కాస్తా తుప్పయింది. ఫోనులో ఆ మాట అమ్మ చెప్పింది, గొంతు తగ్గించి. మా ఇద్దరి భయమూ ఒకటే. ఆయన దాన్ని ఎలా తీసుకుంటారో అని. నేను ఊరెళ్లేసరికి ఆ మొక్క లేదు. ఆ చోట ఎరుపూ పసుపూ కలిసిన క్రోటన్ ఉంది.

''దాని వాసన ఆర్నెల్లు చూశాం. చాల్లే'' అన్నారు నాన్న. అంతే.

ఇప్పుడు ఆ దారిన పోయేవాళ్లు గేటు దగ్గర ఆగుతున్నారు. బడిపిల్లలు క్రిస్మస్ చెట్టు చూడ్డానికొస్తారు. పక్కింటి మామ్మ థూజాని చేత్తో నిమిరి ''పిట్ట ఈకలాగుందే'' అని పోతుంది. అమ్మ మాత్రం తన మాట మీదే ఉంది, కాయ లేదు, పువ్వు లేదు అని. కానీ సాయంత్రం పప్పు ఏరడానికి చాట పట్టుకుని ఆ మడి దగ్గరే కూర్చుంటుంది. ఎందుకని నేనడగలేదు.

కిందటి వానాకాలం నాన్న నాకు ఫోన్ చేశారు. పోడోకార్పస్‌ల వెనక నాలుగడుగుల జాగా మిగిలిందట. అక్కడికి ఏం బాగుంటుందని అడుగుతారనుకుని, నాకు తెలిసిన కోనిఫర్ల పేర్లన్నీ మనసులో తిప్పుకుంటున్నాను.

''ఒక కొబ్బరి మొక్క తెప్పించమ్మా. పొడుగు రకం'' అన్నారు. ''ఏడేళ్లకి కాస్తే ఏడేళ్లకే కాస్తది. నీళ్లు పొయ్యడానికి మనిషున్నాడు కదా!''